పూజ అయ్యాక ఊరి పని ఎలా పట్టించుకోవాలి

మన డెల్టా ఊళ్లలో ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద మంచినీళ్ల చెరువు గురించి బాధపడతాం, ఇంటికెళ్లి మర్చిపోతాం. అది చాలదండి. 1891లో పదమూడో లియో పోపుగారు కార్మికుల జీతాల గురించి లేఖ రాసినప్పటి నుంచీ కతోలిక సభ (అంటే మన చర్చి) ఇదే చెబుతోంది, ఊరి మేలు కోరడం కూడా విశ్వాసంలో భాగమేనని. ప్రభుత్వ పదవులు చేపట్టకుండా గురువులను, అంటే ఫాదర్లను, చర్చి చట్టమే ఆపింది కాబట్టి ఆ బాధ్యత మనదే.

ముందు ఓటరు జాబితాలో పేరు చూసుకోండి, లేకపోతే ఫారం 6 పెట్టండి. తర్వాత ఒక్క సమస్యే పట్టుకోండి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పంట కాలువలో కలుస్తున్నాయా, మురుగు కాలువకి గుర్రపుడెక్క అడ్డుపడి చేలు మునుగుతున్నాయా? మీరే గట్టు మీదకి వెళ్లి ఫోటో తీయండి, కౌలురైతునీ, బిందెతో నీళ్లు మోసే ఆడవాళ్లనీ అడగండి, ఎందుకంటే పేదల వైపు నుంచి చూడటమే ఈ బోధనకి గుండెకాయ. అర్జీ ఒక్క పేజీ చాలు, అన్ని మతాల వాళ్లతో సంతకాలు పెట్టించండి. గ్రామసభలో చదివి ఇచ్చి, రసీదు అడిగి మరీ తీసుకోండి.

ఊళ్లో తెమిలేది ఊళ్లోనే తేల్చుకోవాలి, తెమలనిదానికి పైవాళ్లు చెయ్యందించాలి, 1931లో పదకొండో పయస్ పోపుగారు చెప్పిన సూత్రం ఇదే. గ్రామసభలో తెమలకపోతే సోమవారం అర్జీతో కలెక్టరేట్‌కి వెళ్లండి. అక్కడా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

చర్చిలో మాత్రం పార్టీ పేరు ఎత్తకండి.