మిషనరీ కానుకకు పిడికెడు బియ్యం

నెలాఖరుకి, చర్చిలో మిషనరీల కోసం ఇచ్చే కానుక కవరు చేతికొచ్చేసరికి మా పర్సులో చిల్లరే మిగిలేది. పిల్లలకైతే ఆ కవరు ఎవరికోసమో కూడా తెలియదు.

ఇప్పుడు అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగకముందే, మా చిన్నది ఒక పిడికెడు తీసి వేరే స్టీలు డబ్బాలో పోస్తుంది. పోస్తూ ఒక మిషనరీ కుటుంబం పేరు చెప్పి ఒక్క వాక్యం ప్రార్థన, అంతే. పేర్ల చీటీ డబ్బా మూతకే అంటించాం. పెద్దవాళ్ల పిడికిలి 50 గ్రాములనుకుంటే, రెండు పూటలా కలిపి నెలకు 3 కిలోలు. పిల్లల చేయైతే అందులో సగం. నెల మొదటి ఆదివారం చర్చిలో ఇచ్చేస్తాం. బియ్యం తీసుకోని చర్చి అయితే ఆ బియ్యం మనమే వండుకుని, కొన్న ధర లెక్కగట్టి డబ్బు కవర్లో వేయొచ్చు.

ఇది నా తెలివేం కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ చర్చి స్త్రీలు 1910 నుంచి చేస్తున్నదే, అక్కడ బుహ్‌ఫై థమ్ అంటారు.

తడి చేత్తో మాత్రం పోయనివ్వకండి. వానాకాలంలో మా డబ్బా ఒకసారి అలాగే ముక్కిపోయి, మొత్తం కోళ్లకు వేయాల్సి వచ్చింది.