క్రూయిజ్ షిప్‌లో మొదటి కాంట్రాక్టు: ఎక్కేముందు, ఎక్కాక చూసుకోవాల్సినవి

మా పిన్ని కొడుకు నవంబరులో షిప్పెక్కుతున్నాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, వైజాగ్‌లో ఒక హోటల్లో రెండేళ్లు చేశాడు. ఇప్పుడు మయామీ నుంచి కరీబియన్ దీవులకు తిరిగే ఓడలో అసిస్టెంట్ వెయిటర్‌గా వెళ్తున్నాడు. ఫోన్ చేసి మొట్టమొదట అడిగింది, "అన్నయ్యా, నడిసముద్రంలో తుఫాను వస్తే ఎలా?" అని.

నేను నాలుగు కాంట్రాక్టులు చేశాను. తుఫాను గురించి భయపడాల్సింది అన్నిటికన్నా ఆఖర్న. అట్లాంటిక్‌లో హరికేన్ల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉంటుంది. హరికేన్ వస్తోందంటే కెప్టెన్ రూటు మార్చేస్తాడు. బహామాస్ వెళ్లాల్సిన ఓడ మెక్సికో వైపు తిరుగుతుంది, అంతే. మనల్ని దెబ్బతీసేది నిద్ర లేకపోవడం. చేతులు కాల్చుకున్నవాళ్లను, మెట్లమీద జారినవాళ్లను, సూపర్‌వైజర్‌తో నోరుజారి ఇంటిదారి పట్టినవాళ్లను చాలామందిని చూశాను. ఎవరిని కదిపినా ముందు రాత్రి నాలుగు గంటలే పడుకున్నాననేవాడు. అందుకని వాడికి చెప్పిన జాగ్రత్తలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చాయి. ఈ సీజన్‌లో ఇంకా చాలామంది జాయినవుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇంటి దగ్గరే నిద్ర పోగొట్టుకోకండి

అంటే అప్పు చేసి వెళ్లకండి. ఓడ ఉద్యోగుల హక్కుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్. మన దేశం 2015లో అందులో చేరింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర ఏజెంటు డబ్బు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ (ఓడ ఉద్యోగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పుస్తకం), మెడికల్ ఖర్చులు మనవి. అంతకు మించి "సీటు కన్‌ఫర్మ్ చార్జీ", "జాయినింగ్ డిపాజిట్" అని ఎవరైనా అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి. అసలైన ఏజెన్సీకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డీజీ షిప్పింగ్) ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు, అంటే ఓడల్లోకి మనుషుల్ని తీసుకునే అనుమతి ఉంటుంది. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్లో పేరు, అడ్రసు రెండూ సరిపోయాయో లేదో మీరే చూసుకోండి. లైసెన్సు జిరాక్స్ చూపిస్తే నమ్మేయకండి. జిరాక్స్ ఎవరిదైనా తీయొచ్చు.

మా బ్యాచ్‌లో ఒకతను ఏజెంటుకు రెండున్నర లక్షలు కట్టాడు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. అంటే నెలకు 7,500 వడ్డీకే. ఓడలో జీతం చాలక సైడ్ జాబ్ పట్టాడు. తన డ్యూటీ అయ్యాక ఆఫీసర్ల క్యాబిన్లు తుడిచేవాడు, యూనిఫారాలు ఇస్త్రీ చేసేవాడు. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఐదున్నరకు లేచేవాడు. మూడో నెలలో వేడి ప్లేట్ల స్టాకు ఎత్తుతూ మెట్ల దగ్గర కాలు తప్పి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ప్రమాదం రిపోర్టులో "తడి నేల" అని రాశారు. నన్నడిగితే ఆ మూడు రూపాయల వడ్డీయే కారణం.

"టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అంటే అసలే కదలకండి. అమెరికా రేవుల్లో ఆగే ఓడలో పనిచేయడానికి సీ1/డీ వీసా కావాలి. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో వైజాగ్‌లోనే బయటపడింది. షిప్పు పేరు చెప్పి కూడా ఆ పని చేయగలరు.

మెడికల్‌కు ముందే పళ్లు చూపించుకోండి. అదేమిటి అనిపిస్తుంది గానీ, నడిసముద్రంలో పన్ను నొప్పి వస్తే డెంటిస్టు ఉండడు, వచ్చే రేవుదాకా మాత్రలతో గడపాలి. ఆ నొప్పితో పడుకోగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కంపెనీ ఎల్లో ఫీవర్ టీకా అడిగితే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, వేయించుకున్న 10 రోజుల తర్వాతే టీకా కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో, వైజాగ్‌లో పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఆ పసుపు కార్డు పోగొట్టుకోకండి.

సూట్‌కేసు సర్దేటప్పుడు అమ్మలు అగరబత్తీలు, కర్పూరం, చిన్న రైస్ కుక్కర్ పెడతారు. గ్యాంగ్‌వే (ఓడెక్కే దారి) దగ్గర స్కానింగ్‌లో అన్నీ తీసేస్తారు. నిప్పు, వేడి పుట్టించేది ఏదీ క్యాబిన్‌లో ఉండకూడదు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇస్త్రీపెట్టె కూడా అంతే. దేవుడి ఫోటో పెట్టుకోండి, దీపం మాత్రం మనసులోనే. ఆవకాయ సంగతి వాడూ అడిగాడు. క్యాబిన్ అంటే రెండు బంకులు, ఒక టేబుల్, నిలబడితే మోచేతులు గోడకు తగిలే బాత్‌రూమ్. కిటికీ ఉండదు. పైబంకులో ఫిలిప్పీన్స్ అబ్బాయో ఇండోనేషియా అబ్బాయో ఉంటాడు. అందులో ఆవకాయ సీసా మూత తీస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. క్రూ (ఓడ సిబ్బంది) మెస్‌లో అన్నం రోజూ ఉంటుంది, పప్పు తరచుగా ఉంటుంది. పచ్చడి ప్యాకెట్లు సీల్ ఉన్నవి నాలుగు చాలు.

అసలు పెట్టుకోవాల్సింది జారని అడుగున్న నల్లబూట్లు, రెండు జతలు. కొనగానే సూట్‌కేసులో పడేయకుండా ఇంట్లో పదిహేను రోజులు వేసుకుని తిరగండి. కొత్త బూట్లతో పన్నెండు గంటలు నిలబడితే మూడో రోజుకే మడమ తోలు లేచిపోతుంది. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్, కళ్లకు కట్టుకునే మాస్కు కూడా తప్పనిసరి. పైబంకువాడి డ్యూటీ టైములు మనవి కావు. ఒరిజినల్ పేపర్లన్నీ చేతిసంచిలో ఉండాలి. ఓడెక్కగానే క్రూ ఆఫీసు పాస్‌పోర్టు తీసుకుని దాచిపెడుతుంది, అది మామూలే. అందుకని కాపీలు ఉంచుకోండి.

మొదటి రోజు

ముప్పై గంటలు ప్రయాణం చేసి దిగుతారు. ఫోటో, కార్డు, యూనిఫారం, సేఫ్టీ ట్రైనింగ్, సాయంత్రం ఆరుకి డైనింగ్ హాల్లో డ్యూటీ. ఎవరూ జాలిపడరు. ఆ రోజు ఏమీ గుర్తుండదు గనుక ఒక్క పని మాత్రం చేయండి. మీ కార్డు మీద మస్టర్ స్టేషన్ నంబరు ఉంటుంది, అంటే ప్రమాదమొస్తే మీరు చేరుకోవాల్సిన చోటు. క్యాబిన్ నుంచి అక్కడిదాకా నడిచి వెళ్లి, తిరిగి రండి. మర్నాడు ఇంకో మెట్లదారిన మళ్లీ వెళ్లండి. కరెంటు పోయి, పొగ కమ్మితే బోర్డులు కనబడవు, కాళ్లకు దారి తెలిసుండాలి. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత, అది జనరల్ ఎమర్జెన్సీ. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ ఓడ తీరానికి ఎంత దగ్గర్లో ఉందో ఫోటోల్లో చూడండి. డ్రిల్ వారం వారం జరుగుతుంది, విసుగొస్తుంది, నిద్ర చెడుతుంది. దీన్ని మాత్రం ఎగ్గొట్టే ఆలోచన పెట్టుకోకండి.

ఇక వాటర్‌టైట్ డోర్లు. కొత్తవాళ్లు వీటిని చూసి భయపడరు, నాకు భయమేసేది అందుకే. కింది డెక్కుల్లో కారిడార్ మధ్య మధ్యలో ఉంటాయి. ఓడలోకి నీళ్లొస్తే ఒక గదిలోనే ఆగిపోయేలా పెట్టిన ఉక్కు తలుపులవి. హైడ్రాలిక్ ఒత్తిడితో పక్కకు జరుగుతూ మూసుకుంటాయి. లిఫ్టు తలుపైతే చెయ్యి అడ్డం పెడితే ఆగి వెనక్కి పోతుంది. ఇది ఆగదు. చెయ్యి ఉన్నా, మనిషి ఉన్నా మూసుకుంటూనే పోతుంది. మా ఓడలో ఒకరోజు పొద్దున్నే ఒక కుర్రాడు నిద్రమత్తులో, తలుపు సగం తెరుచుకోగానే లాండ్రీ ట్రాలీని ముందుకు తోసి హ్యాండిల్ వదిలేశాడు. ట్రాలీ ఇరుక్కుంది. గంట మోగుతూనే ఉంది, తలుపు కదులుతూనే ఉంది. స్టీలు గొట్టాలు అప్పడంలా నలిగాయి. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. వాడు ట్రాలీకి ఇవతల ఉన్నాడు కాబట్టి బతికాడు.

పద్ధతి ఇది. ట్రైనింగ్ ఇచ్చేదాకా ఆ తలుపు ముట్టుకోవద్దు. తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా హ్యాండిల్ పట్టుకునే ఉండాలి. అవతలివైపు హ్యాండిల్ కూడా అందిపుచ్చుకుని, రెండు చేతులూ హ్యాండిళ్ల మీదే ఉంచి దాటాలి. అందుకే చేతుల్లో ఏమీ ఉండకూడదు. సామాను ఉంటే ఇంకో మనిషిని పిలవండి. కదులుతున్న తలుపు మధ్యనుంచి దూకడం హీరోయిజం కాదు.

పనిలో

గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, ఎవరి వెనకనుంచి వెళ్తున్నా "బిహైండ్" అని, వేడి వస్తువు పట్టుకుంటే "హాట్" అని గట్టిగా అరవాలి. మొదట్లో సిగ్గేస్తుంది, వారానికి అలవాటైపోతుంది. ఐస్ డబ్బా దగ్గర గ్లాసు పగిలితే ముక్కలు ఏరడానికి ప్రయత్నించొద్దు, ఐస్ మొత్తం పారబోసి డబ్బా కడగాల్సిందే. హౌస్ కీపింగ్‌లో చేరేవాళ్లు చెత్తసంచిని చేత్తో అదమకండి, ఒంటికి ఆనించి మోయకండి. లోపల ఇన్సులిన్ సూదో, పగిలిన గాజో ఉండొచ్చు. సముద్రం ఊగుతున్నప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీద ఉండాలి. కడుపులో తిప్పితే ఖాళీ కడుపుతో ఉండకండి. ఉప్పు బిస్కెట్లు, గ్రీన్ యాపిల్, అల్లం ముక్క పనిచేస్తాయి. మాత్ర కావాలంటే మెడికల్ సెంటర్లో ఇస్తారు.

విరేచనాలు అయితే దాచకండి. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు. నోరోవైరస్ ఒకరి నుంచి వందమందికి పాకుతుంది. ఆహారం ముట్టుకునే పనివాళ్లను, లక్షణాలు తగ్గాక కూడా 48 గంటలు ఐసోలేషన్‌లో ఉంచుతారు. టిప్స్ పోతాయని దాచినవాళ్లు ఉద్యోగమే పోగొట్టుకున్నారు. పైగా ఆ రెండు రోజులు కంటినిండా నిద్ర, దాన్ని ఎందుకు వదులుకోవడం! శానిటైజర్ ఈ వైరస్‌కు సరిగ్గా పనిచేయదు, సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాల్సిందే. అమెరికా హెల్త్ ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వచ్చి నూటికి మార్కులు వేస్తారు. 85 లేదా అంతకంటే తక్కువ వస్తే ఫెయిల్. అందుకే సూపర్‌వైజర్లు ఫ్రిజ్ టెంపరేచర్ చార్టు గురించి అంతగా అరుస్తారు. మనసులో పెట్టుకోకండి.

విశ్రాంతికి కూడా నిబంధన ఉంది. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. రోజు విశ్రాంతిని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. వారాంతపు సెలవు మాత్రం ఉండదు, ఆరేడు నెలలు రోజూ పనే. టైమ్ షీట్‌లో చేసిన గంటలే రాయండి. తక్కువ చేసి రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడండి.

కానీ చట్టం ఇచ్చిన గంటల్ని మనమే తగలేసుకుంటాం. శీతాకాలంలో మయామీకీ మనకీ పదిన్నర గంటల తేడా. రాత్రి పదకొండున్నరకు డ్యూటీ దిగితే ఇంటి దగ్గర మర్నాడు ఉదయం పది. అమ్మ వంటయ్యి తీరిగ్గా ఉంటుంది, ఫోన్ గంటసేపు సాగుతుంది. తర్వాత క్రూ బార్‌లో ఎవరిదో పుట్టినరోజు. నేనైతే రోజూ పది నిమిషాలే మాట్లాడి, వారానికి ఒకరోజు మధ్యాహ్నం బ్రేకులో తీరిగ్గా మాట్లాడేవాణ్ణి. అక్కడ మధ్యాహ్నం మూడంటే ఇక్కడ రాత్రి ఒంటిన్నర. అమ్మ మేలుకుని ఉండేది, అది వేరే సంగతి. చావుబతుకుల వార్త తప్ప, ఇంటి గొడవలు డ్యూటీకి ముందు చెప్పొద్దని ఇంట్లో ముందే ఒప్పించుకోండి.

రేవులో దిగాలన్న ఉబలాటం మొదటి నెల ఆగదు, తిరగండి. తర్వాత రెండుసార్లలో ఒకసారి మధ్యాహ్నం పడుకోండి. దిగేటప్పుడు ఓడ టైమే చూసుకోండి, ఫోన్ టైమ్ నమ్మొద్దు. మెక్సికోలోని కోజుమెల్‌లో వేసవిలో గడియారం మార్చరు, మయామీలో మారుస్తారు, గంట తేడా వస్తుంది. క్రూ తిరిగి ఎక్కాల్సిన టైము ప్రయాణికులకంటే ముందే. అమెరికా రేవులో ఐ-95 కాగితం (ఓడ సిబ్బంది ఒడ్డున దిగడానికి ఇచ్చే అనుమతి) జేబులో లేకుండా అడుగు బయటపెట్టొద్దు. అద్దె స్కూటర్లు వద్దు.

మద్యం పరీక్ష ఎప్పుడైనా చేస్తారు. రక్తంలో 0.05 శాతం అంతర్జాతీయ పరిమితి, కంపెనీలది ఇంకా తక్కువ ఉండొచ్చు. ప్రయాణికుల క్యాబిన్లోకి పనిలేకుండా వెళ్లడం, వాళ్లతో స్నేహం ముదరడం, ఈ రెండిటికీ హెచ్చరిక ఉండదు, నేరుగా ఇంటికి టికెట్టే. సంక్రాంతికో, చెల్లి పెళ్లికో మనసు మరీ బరువెక్కితే ఒంటరిగా ఓపెన్ డెక్ మీదకు పోకండి, తాగి అసలే పోకండి. పక్కవాణ్ణి లేపండి. సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది, ఆ నంబరు జాయినింగ్ కంటే ముందే ఫోన్లో దాచుకోండి.

డబ్బు గురించి ఒక్క మాట. జీతం ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతా) పంపించుకోండి. ఆ జీతం మీద ఇక్కడ పన్ను పడకూడదంటే, ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజులకంటే తక్కువ ఉన్నారో లేదో లెక్క వేసుకోవాలి, సీడీసీలో సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలే దానికి ఆధారం. రెండు వారాలు ముందు దిగినందుకు పన్ను కట్టినవాళ్లున్నారు.

చివరి వారం అందరికీ ఒళ్లు తేలిపోతుంది, జాగ్రత్త సడలుతుంది. అప్పుడే ఎవరో వచ్చి "నువ్వు హైదరాబాద్ మీదుగా కదా, ఈ చిన్న ప్యాకెట్టు మా బావకిచ్చేయ్, ఎయిర్‌పోర్టుకు వస్తాడు" అంటారు. ఆరునెలలు పక్కపక్కనే పనిచేసినవాడే అయ్యుండొచ్చు. నాతో ఒకడు అలాగే అన్నాడు, పెర్ఫ్యూమ్ అని. నా ముందే విప్పి, నా చేత్తోనే సర్దుతానన్నాను. సాయంత్రం తెస్తానని వెళ్లాడు, మళ్లీ రాలేదు.