నిమ్మ నారు పెంపకం, 4వ పాఠం: మడిలో తెల్ల మొలకలు

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ నారు పోసేవాళ్లు చూసే ఉంటారు: పచ్చటి మొలకల మధ్య అక్కడక్కడా ఒకటి సున్నం తెలుపులో లేస్తుంది. వెంటనే పీకి పారేయకండి. అది ఎందుకు తెల్లబడిందో తేలితేనే మిగతా మడికి ఏం చేయాలో తెలుస్తుంది.

మొదట ఇనుము లోపమేమో చూడాలి. అందులో లేత ఆకు పసుపుబారినా ఈనెలు పచ్చగానే ఉంటాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. పది రోజుల్లో ఆకు పచ్చబడితే సమస్య అదే. అసలైన అల్బినో మొలకకు, అంటే పత్రహరితమే లేని మొలకకు, ఈనెలు, కాండం కూడా తెల్లగానే ఉంటాయి. ఏ మందూ దాన్ని పచ్చబరచదు.

దానికి కారణాలు రెండు. ఒకటి జన్యులోపం. రెండోది నిమ్మజాతి నర్సరీల్లో బాగా ఎదురయ్యేది: ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, ఆల్టర్నేరియా అనే బూజులు గింజ పైపొర మీద పెరిగి, పత్రహరితం తయారవకుండా అడ్డుపడే విషాన్ని వదులుతాయి. నేలరాలి మెత్తబడిన కాయల గింజలు వాడితే ఈ ముప్పు ఎక్కువ. అందుకే చెట్టు మీద పండిన గట్టి కాయలే కోసి గింజ తీయాలని మేం పట్టుబడతాం.

ఏ కారణమో తేల్చడానికి ఒకే చెట్టు కాయల నుంచి 200 గింజలు తీయండి. బూడిదతో రుద్ది జిగురు పోయేలా కడగండి. వందింటిని అలాగే, మిగతా వందింటిని పైపొర గోటితో ఒలిచి, అదే రోజు వేరువేరు ట్రేలలో నాటండి. ఒలిచేటప్పుడు లోపలి పప్పు చిట్లితే మొలక కుళ్లుతుంది. గింజ ఎండితే మొలకే రాదు. నిమ్మలో ఒక్క గింజ నుంచే రెండు మూడు మొలకలు వస్తాయి కాబట్టి లెక్క గింజలవారీగా రాసుకోవాలి. ఒలిచిన ట్రేలో తెల్లవి బాగా తగ్గితే తప్పు బూజుది. రెండింట్లోనూ ఒకేలా వస్తే ఆ తల్లిచెట్టు గింజ మానేయండి.

పత్రహరితం లేని మొలక బీజదళాల్లోని నిల్వతో కొన్నాళ్లు బతుకుతుంది, నిల్వ తీరగానే పోతుంది. మరి కాలిఫోర్నియా తీరపు రెడ్‌వుడ్ అడవుల్లో తెల్లటి కొమ్మలు ఏళ్ల తరబడి ఎలా నిలుస్తున్నాయి? అవి తల్లిచెట్టు మొదలు, వేళ్ల నుంచి వచ్చిన పిలకలు. చక్కెరను పచ్చని తల్లే పంపుతుంది.

ఈ సూత్రాన్ని మీ మడిలోనే పరీక్షించవచ్చు. తెల్ల మొలకంత మందమున్న పచ్చటి జంబేరి (అంటుకు కింది మొక్కగా వాడే నిమ్మజాతి) మొలకను మూడు నాలుగు ఆకుల పైన కోసి, కాండాన్ని సెంటీమీటరు లోతున చీల్చండి. తెల్ల మొలక కొనను రెండువైపులా చెక్కి అందులో దించి, సన్నటి పాలిథిన్ పట్టీ చుట్టండి. పైన పారదర్శకమైన సంచి కప్పి నీడలో ఉంచండి. తెల్ల ఆకుకు ఎండ తగిలితే మాడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: మామూలు అంటులో కింది మొక్క ఆకులు, చిగుళ్లు తీసేస్తాం. ఇక్కడ తీశారంటే తిండి పెట్టే ఆకు ఒక్కటీ మిగలదు, రెండూ చస్తాయి. కింది ఆకులు ఉంచండి, కొత్త చిగుళ్లనూ గిల్లకండి. మూడు నాలుగు వారాలకు తెల్ల కొన వాడకుండా చిగురేస్తే అంటు పట్టినట్టే. అప్పుడు సంచిని రోజూ కాసేపు తెరుస్తూ అలవాటు చేయండి.

5వ పాఠానికి రెండు ట్రేల లెక్కా సిద్ధంగా ఉంచుకోండి. తల్లిచెట్టు ఎంపికను అక్కడి నుంచే మొదలుపెడతాం.