ఇంగ్లీషులో ‘అండి’ ఎక్కడ పెట్టాలి?

పదిహేడేళ్లుగా నా పని ఇతరుల ఇంగ్లీషు ఉత్తరాలు దిద్దడం. వ్యాకరణ దోషాలు సులువుగానే దొరుకుతాయి. ఏ దోషమూ లేకుండానే అవతలివాళ్లకు గుచ్చుకునే వాక్యాలతోనే తంటా.

మొదట్లో నేనే బోల్తా పడ్డాను. మూడో పేరా మరోసారి చూడాలని మీకు అనిపించవచ్చు అని ఒక ఆస్ట్రేలియా సంపాదకురాలు ఇంగ్లీషులో రాశారు. చూశాను, బాగానే ఉందనిపించింది, వదిలేశాను. నాలుగు రోజుల తర్వాత, ఇంకా ఎందుకు మార్చలేదని అడిగారు. నేను సలహా అనుకున్నది ఆదేశమట!

అప్పటినుంచి ప్రతి వాక్యాన్నీ ఒకటే అడుగుతాను: ఇందులో మర్యాద ఎక్కడుంది? తెలుగులో అది క్రియ చివరే ఉంటుంది. ‘ఆ ఫైలు పంపండి’ అంటే చాలు, దయచేసి అనక్కర్లేదు. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. మన ‘నువ్వు’ లాంటి ‘దౌ’ 17వ శతాబ్దంలో సామాన్య వాడుక నుంచి జారిపోయింది. అందరికీ ఒకే ‘యూ’ మిగిలింది. అందుకే మన వాక్యాన్ని మాటకు మాటగా మారిస్తే ‘అండి’ రాలిపోయి ఉత్త ఆజ్ఞ మిగులుతుంది. ముందు ‘ప్లీజ్’ తగిలించినా అది మెత్తని ఆజ్ఞే. కాదనడానికి ఎదుటివారికి చోటు వదలడమే అక్కడి గౌరవం. కాబట్టి పని పెద్దదైతే వాక్యాన్ని ప్రశ్నగా మార్చండి: పంపగలరా, ఈ వారం వీలవుతుందా. కలం అందించమనడానికి ఇంత డొంకతిరుగుడు వద్దు, వెటకారంలా ఉంటుంది. పై అధికారి ‘వీలవుతుందా’ అని అడిగితే మాత్రం ప్రశ్నగా తీసుకోకండి, పని మొదలుపెట్టండి.

భాషావేత్తలు పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో మర్యాద గురించి చెప్పిన సిద్ధాంతంలో, ఎదుటివారి ఇష్టానికి ఇలా ‘అడ్డు తగలకపోవడం’ ఒక మూలస్తంభం. అది అన్ని భాషలకూ వర్తిస్తుందన్నారు. జపనీస్‌లో మర్యాద వ్యక్తి స్వేచ్ఛ మీద కాక, అవతలివారితో పోలిస్తే తన స్థానమేమిటన్న దాని మీద నిలుస్తుందని మరో భాషావేత్త యోషికో మత్సుమోతో 1988లో ఆక్షేపించారు. ‘మీరు’, ‘నువ్వు’ల మధ్య పెరిగిన నాకు ఆవిడ మాటే నచ్చింది.

‘ఐ థింక్’ కనిపిస్తే కొట్టేయకండి. ‘అనుకుంటున్నాను’ అంటే మనకు సందేహంలా వినిపిస్తుంది. అక్కడ దాని పని వేరు: ఇది నా అభిప్రాయం, మీది మీకుండవచ్చు అని చెప్పడం. నా దగ్గర నేర్చుకున్న ఒకతను, బలహీనంగా ఉందని ఒకే ఉత్తరంలో పదకొండు చోట్ల దాన్ని తీసేశాడు. మిగిలింది ఉత్తరం కాదు, తీర్పు. అయితే తేదీలూ లెక్కలూ చెప్పేటప్పుడు దాన్ని వాడవద్దు, నిజంగానే సందేహమనుకుంటారు.

‘వీ’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ‘మనం’, ‘మేము’ రెండూ అందులోనే ఇరుక్కున్నాయి. ‘మేము’ అనదలిస్తే ‘మా బృందం’ అని విడిగా రాయడం క్షేమం.

నన్ను ఎక్కువ కాలం తిప్పలు పెట్టిన మాట ‘ఫెయిర్’. ‘న్యాయం’ మరీ బరువు, ‘సబబు’ కొంత దగ్గర. జర్మన్లు దాన్ని అలాగే అరువు తెచ్చుకున్నారు. ఇది ఫెయిర్ కాదని ఎవరైనా రాస్తే మన మనసు మంచిదని నిరూపించుకోవడానికి పేజీలు నింపుతాం. వాళ్లు తరచుగా అంటున్నది మన మనసు గురించి కాదు: ఇద్దరం ఒప్పుకున్న నియమాన్ని ఒకరు దాటారని. అది ఏ నియమమో వెతికి, దాని గురించే జవాబు రాయండి.

ఏడాది గడిచాక ఆ సంపాదకురాలే ‘మూడో పేరా తీసేయ్’ అన్నంత పొడిగా ఒక్క ముక్క రాశారు. ఒక పూటంతా చిన్నబుచ్చుకున్నాను. చనువు పెరిగితే ఇంగ్లీషులో ఆ ప్రశ్నలన్నీ రాలిపోతాయని అప్పుడు అర్థమైంది. తర్వాతి ఉత్తరంలో నేనూ ‘వీలవుతుందా’ మానేశాను.