స్కీ మౌంటెనీరింగ్ రేసుల్లో ఒక శీతాకాలం: ఎలా సిద్ధం కావాలి, సమయం ఎక్కడ పోతుంది

డిసెంబరు రాగానే కొలరాడో రేసుల్లో మొదటి చడావు (కొండ ఎక్కే భాగం) పైన ఏటా ఇదే చూస్తాను. ముప్పావుగంట ఒళ్లు హూనం చేసుకుని ఎక్కినవాళ్లు పైకి రాగానే స్కీలు ఊడదీసి మంచులో పడేస్తారు. గ్లవ్స్ నోట కరుచుకుంటారు. స్కీ అడుగున అంటించిన స్కిన్ పట్టీని ఏ కొస పట్టుకుని లాగాలో వెతుక్కుంటూ నిలబడతారు. ఈలోగా వెనక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దాటి వెళ్లిపోతారు. వీళ్లకు కాళ్లలో సత్తా లేక కాదు, చేతులకు వరస తెలియక.

ఈ పోటీల గురించి విననివాళ్లకు రెండు మాటలు. స్కీ అడుగున స్కిన్ అనే బట్ట పట్టీ అంటించుకుంటే దాని నూగు మనం వెనక్కి జారకుండా మంచును పట్టుకుంటుంది. అలా కొండ ఎక్కి, పైన స్కిన్ పీకేసి, మామూలు స్కీయింగ్‌లా దిగాలి. కింద మళ్లీ అంటించుకుని ఇంకో కొండ ఎక్కాలి. అందరూ స్కిమో అంటారు. 2026 మిలానో-కోర్టినాతో ఇది ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చింది. ఫ్రాన్స్‌లో 1986 నుంచి జరుగుతున్న పియెరా మెంటాలో ఇద్దరేసి జట్లు నాలుగు రోజుల్లో దాదాపు 10,000 మీటర్ల ఎత్తు ఎక్కుతాయి. మనం అంత దూరం పోనక్కర్లేదు. డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు కొత్తవాళ్లు పాల్గొనే రేసులు కారు ప్రయాణంలోనే దొరుకుతాయి. భారత్‌లో ఉన్నవాళ్లయితే గుల్మర్గ్ వైపు చూడండి, అక్కడి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో స్కీ మౌంటెనీరింగ్ ఉంది.

సామాను

160 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవు, మధ్యలో 65 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రేస్ స్కీలు. బూటును స్కీకి పట్టి ఉంచే పిన్ బైండింగ్‌లు. ఒక్క లీవర్‌తో బిగిసే తేలికపాటి బూట్లు. మోహెయిర్ (మేక బొచ్చు) స్కిన్లు రెండు జతలు. ఛాతీ దగ్గర లోపలి జేబులున్న సూట్, హెల్మెట్, చిన్న సంచి. సంచిలో పార, మంచులో కూరుకున్నవాళ్లను వెతికే కడ్డీ (ప్రోబ్), చలిని ఆపే పలచటి రేకు దుప్పటి. ఒంటి మీద అవలాంచ్ ట్రాన్సీవర్, అంటే మంచుచరియ కింద పడితే ఆచూకీ చెప్పే రేడియో పరికరం. మొదటి ఏడాది అన్నీ పాతవే కొనండి, స్కిన్లు తప్ప. జిగురు చచ్చిన స్కిన్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

స్కీ ముక్కు దగ్గర చిన్న గాడి ఉండాలి. స్కిన్ ముందు కొసన ఉండే ఎలాస్టిక్ ఉచ్చు ఆ గాడిలో కూర్చోవాలి. వెనక తోక దగ్గర క్లిప్ ఉండే స్కిన్లు విహారానికి మంచివే, రేసుకు పనికిరావు. ఎందుకో కిందికి వెళ్తే మీకే తెలుస్తుంది.

నవంబరు నుంచి జనవరి దాకా

నవంబరులో రిసార్టుల్లో ఎక్కడం మొదలుపెట్టండి. చాలా చోట్ల లిఫ్టు ఎక్కకుండా నడిచి ఎక్కేవాళ్లకు వేరే పాస్ ఉంటుంది, ఏ వేళల్లో ఏ దారిన వెళ్లాలో కూడా నియమం ఉంటుంది. అరపాహో బేసిన్ లాంటి చోట పార్కింగే 3,200 మీటర్లకు పైన. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అలవాటైపోయింది అనుకోకండి. మొదటి మూడు వారాలు మాటలాడుతూ ఎక్కగలిగే వేగం దాటొద్దు. ఆ తరవాత వారానికి ఒక్కరోజు మాత్రం గట్టిగా ఎక్కండి, తక్కినవన్నీ నిదానం. రోజూ ఊపిరి తెగేలా ఎక్కేవాళ్లు ఫిబ్రవరికల్లా జలుబులతో మంచం పడతారు.

రిసార్టు దాటి బయటికి వెళ్లేవాళ్లు అవలాంచ్ లెవెల్ వన్ కోర్సు చేసి తీరాలి. పొద్దున్నే కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ హెచ్చరిక చదవకుండా ఇల్లు కదలొద్దు. ఇందులో వాదనకు తావు లేదు.

డిసెంబరులో చిన్న రేసు ఒకటి పరుగెత్తండి, గెలవడానికి కాదు, బిబ్ (పోటీ నంబరు బట్ట) ఎక్కడ కట్టుకోవాలో, సామాను తనిఖీ ఎలా ఉంటుందో చూడటానికి. జనవరి, ఫిబ్రవరిల్లో రెండు వారాలకు ఒక రేసు చాలు. ప్రతి వారాంతం బిబ్ కట్టేవాళ్లకు నేర్చుకునే తీరిక ఉండదు.

అసలు పని: పైన స్కిన్ పీకడం

లెక్క చూడండి. నాలుగు చడావులున్న రేసులో పైన నాలుగుసార్లు, కింద మూడుసార్లు ఆగాలి. ఎక్కడం నుంచి దిగడానికి, దిగడం నుంచి ఎక్కడానికి మారే ఈ పనినే ట్రాన్సిషన్ అంటారు, మొత్తం ఏడు ట్రాన్సిషన్లు. ఒక్కో దాంట్లో అరనిమిషం పోగొట్టుకుంటే మూడున్నర నిమిషాలు. గంటకు 900 మీటర్లు ఎక్కే మనిషికి మూడున్నర నిమిషాలంటే యాభై మీటర్లకు పైగా ఎత్తు. ఆ యాభై మీటర్లు కాళ్లతో సంపాదించాలంటే సీజన్ మొత్తం చెమటోడ్చాలి. చేతులతో అయితే రెండు వారాల సాధన చాలు. అందుకే మిగతావన్నీ పైపైన చెప్పి ఇక్కడ ఆగుతున్నాను.

మొదటి నియమం: పైన స్కీ కాలి నుంచి విడవకూడదు. స్కీ ఊడదీస్తే అది వాలులో జారిపోయే ప్రమాదం ఉంది. మళ్లీ తొడిగేటప్పుడు పిన్ రంధ్రాల్లో మంచు గడ్డకట్టి సరిగ్గా పట్టకపోయే ప్రమాదం ఉంది. పైగా బూటు మోకాలి లోతు మంచులో దిగబడుతుంది. ఎక్కేటప్పుడు పిన్ బైండింగ్‌లో వేళ్ల దగ్గర మాత్రమే పట్టు ఉంటుంది, మడమ స్వేచ్ఛగా లేస్తుంది. 1980ల్లో ఆస్ట్రియావాడు ఫ్రిట్జ్ బార్టెల్ ఆలోచించిన ఈ అమరిక వల్లే స్కీని కాలికి ఉంచుకునే స్కిన్ పీకడం సాధ్యమైంది. ఆ సౌకర్యాన్ని వాడుకోకుండా స్కీ ఊడదీయడమంటే మంచి బైండింగ్‌ను వృథా చేయడమే.

పని ఆగాక మొదలవ్వదు, ఆగడానికి ముప్పై అడుగుల ముందే మొదలవుతుంది. నడుస్తూనే స్కీ చేతికర్రల పట్టీల్లోంచి చేతులు తీసేయండి. సూట్ జిప్ ఛాతీ సగం దాకా దించండి. ఆగే చోటు చదునుగా ఉండాలి, గుంపుకు కాస్త పక్కగా ఉండాలి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని వీపు అటు పెట్టండి. కర్రలు మంచులో గుచ్చకండి, పక్కన నేల మీద పడుకోబెట్టండి. గుచ్చిన కర్ర పక్కవాడి స్కిన్‌కు తగులుతుంది.

ఇక వరస. దీన్ని మంత్రంలా పైకి చదువుకుంటూ నేర్చుకోండి: బూట్లు, కుడి స్కిన్, కుడి జేబు, కుడి మడమ, ఎడమ స్కిన్, ఎడమ జేబు, ఎడమ మడమ, చివర బైండింగ్ ముందు భాగపు లీవర్లు.

బూట్లు ముందెందుకు? రెండు కాళ్లూ నేల మీద ఆనుకుని నిలకడగా ఉన్నది ఆ ఒక్క క్షణమే. వంగి రెండు లీవర్లూ టక్ టక్‌మని వేసేయొచ్చు. బూటు బిగిస్తే చీలమండ కదలదు, స్కిన్ పీకడం కష్టం, కాబట్టి బూటు చివర అని వాదించే కోచ్‌లు ఉన్నారు. నేను ఒప్పుకోను. కాలు లేపేది మోకాలితో, తుంటితో. చీలమండతో పని లేదు. పైగా చివరికి వదిలేసిన పనే తొందరలో మరిచిపోతాం. బూటు బిగించడం మరిచి వాలులోకి దిగితే మొదటి మలుపులోనే పడతారు. లీవర్ పడకపోతే బలం పెట్టకండి, కీలు దగ్గర మంచు ఇరుక్కుని ఉంటుంది. బొటనవేలితో తీసేసి మళ్లీ వేయండి.

ఇప్పుడు కుడి కాలు. బరువంతా ఎడమ కాలి మీద వేయండి. కుడి మోకాలు మడిచి మడమను వెనక్కి లేపితే స్కీ తోక వెనక్కి పోయి ముక్కు మీ తుంటి పక్కకు లేస్తుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. స్కీ పైకి రావాల్సింది పోయి వాళ్లే ముక్కు కోసం కిందికి వంగుతారు. నడుము వంగగానే బరువు ముందుకు పోయి తూలుతారు. తల ఎత్తే ఉండాలి, స్కీ ముక్కే చేతికి రావాలి. రాకపోతే మడమ ఇంకా గట్టిగా విసరాలి.

ఎలాస్టిక్ ఉచ్చును గాడిలోంచి ముందుకు తప్పించి, స్కిన్‌ను పిడికిలితో పట్టి వెనక్కి ఒక్క లాగు లాగండి. బూటు దాకా ఊడి వస్తుంది. అక్కడ ఆగొద్దు. స్కీని కిందికి దించుతూ, చేతిని వెనక్కి పైకి లాగుతూ ఉంటే మిగిలిన సగం తోక వైపు నుంచి దానంతటదే జారి వస్తుంది. తోక దగ్గర క్లిప్ వద్దన్నది ఇందుకే. రెండు లాగులుగా కాక, మధ్యలో ఆగకుండా ఒకే కదలికగా రావాలి. ఆగితే స్కిన్ మంచులో పడుతుంది, జిగురుకు మంచు అంటుతుంది, ఆ జిగురు తరవాతి చడావులో పట్టదు. ఇక్కడ పోయిన రెండు సెకన్లు అక్కడ రెండు నిమిషాలవుతాయి.

చేతికొచ్చిన స్కిన్‌ను జిగురు మీద జిగురు పడేలా మధ్యకు ఒక్క మడత వేసి కుడి జేబులోకి తోసేయండి. ఇస్త్రీ బట్టలా మడవక్కర్లేదు. కానీ కొస బయట వేలాడకూడదు. అంతర్జాతీయ సమాఖ్య ఐఎస్ఎంఎఫ్ నిబంధనల ప్రకారం స్కిన్ పూర్తిగా లోపలికి పోవాలి, లేకపోతే జరిమానా పడుతుంది.

ఎడమ కాలు ముట్టుకునే ముందే బైండింగ్ వెనక భాగంలో కుడి మడమ దగ్గరుండే రేకు తిప్పి, మడమను కిందికి నొక్కి క్లిక్ వినండి. ఇది చాలామంది చెప్పరు. రెండు స్కిన్లూ పీకాక రెండు మడమలూ బిగించమంటారు. అలా చేస్తే ఎడమ కాలు లేపినప్పుడు కుడి మడమ ఇంకా ఆడుతూ ఉంటుంది, ఒంటికాలి మీద నిలవలేరు. కుడి మడమ బిగిస్తే ఆ స్కీ మొత్తం మీకు వేదికలా నిలుస్తుంది. అలాగని రేకులు రెండూ మొదటే తిప్పేయకండి. ఎడమ కాలి మీద బరువు వేయగానే ఆ మడమ క్లిక్‌మని పడిపోతుంది, తరవాత ఆ స్కీని వెనక్కి లేపడం కుదరదు.

ఎడమ వైపు కూడా ఇదే పని చేశాక, బూటు ముందు కొసను పట్టి ఉంచే బైండింగ్ లీవర్లు. ఎక్కేటప్పుడు అవి లాక్‌లో ఉంటాయి. స్కీని విసిరేటప్పుడు ఊడిపోకుండా ఉండాలి కాబట్టి అప్పటిదాకా లాక్ ఉండాల్సిందే. అందుకే ఇవి చివర. లాక్ నుంచి ఒక్క మెట్టు మాత్రమే కిందికి దించండి, ఇంకా నొక్కితే బైండింగ్ తెరుచుకుపోతుంది. సెకను కలిసొస్తుందని లాక్‌తోనే దిగేవాళ్లు చాలామంది. పడినప్పుడు స్కీ ఊడకపోతే మెలి అంతా మోకాలి మీద, ముంగాలి ఎముక మీద పడుతుంది. మంచుచరియలో ఇరుక్కుంటే ఊడని స్కీ మనిషిని లోపలికి లాగుతుంది. ఏ రేసూ ఆ సెకనుకు తూగదు. లీవర్లు దించండి.

సాధన ఇంట్లో మొదలవ్వాలి. తివాచీ మీద నెమ్మదిగా, వరస తప్పకుండా. తరవాత పార్కింగ్ స్థలంలో గ్లవ్స్ వేసుకుని. ఆ తరవాత గట్టిగా ఎక్కి గుండె దడదడలాడుతుండగా. మూడో దశ లేకుండా మొదటి రెండూ పనికిరావు. గ్లవ్స్ తీస్తే త్వరగా అవుతుందనుకోకండి. మైనస్ పదిహేనులో వేళ్లు మొద్దుబారాక ఉచ్చు దొరకదు.

కింద, మళ్లీ ఎక్కేముందు

ఇది తేలిక. స్కీలు విప్పి, ఉచ్చు గాడిలో వేసి, స్కిన్‌ను అరచేత్తో ముక్కు నుంచి తోక దాకా గట్టిగా రుద్దండి. బూటు పిన్ రంధ్రాల్లో మంచు తీసేసి తొడగండి, బైండింగ్ ముందు భాగపు లీవర్ లాక్ చేయండి. బూటు లీవర్లు వదులు చేసి కదలండి. స్కిన్ పట్టకపోతే దానితో కుస్తీ పట్టొద్దు. రెండో జత ఉన్నది ఇందుకే. దాన్ని సంచిలో కాక ఒంటికి ఆనించి ఉంచుకుంటేనే జిగురు వెచ్చగా పనిచేస్తుంది.

తిండి

రేసుకు మూడు గంటల ముందు మెత్తటి అన్నం, ఉప్పు, ఒక చెంచా నెయ్యి. ఓట్స్ గొప్పవని అందరూ అంటారు, ఎత్తులో అవి కడుపులో అలాగే ఉండిపోతాయి. దారిలో తినే ఎనర్జీ జెల్‌లు లోపలి జేబులో. పల్లీపట్టి, నువ్వులుండలు తీసుకెళ్లకండి, చలికి రాయిలా గట్టిపడతాయి. నీళ్లకు గొట్టం వద్దు, గడ్డకడుతుంది. మెత్తటి సీసా సూట్ లోపల పెట్టుకోండి.

మార్చి, ఏప్రిల్

వసంతం ఎండకు మంచు తడిసి స్కిన్ కింద ముద్దలు కడుతుంది. ముందురోజే స్కిన్ నూగుకు మైనం రాయండి, ఒక ముక్క జేబులో ఉంచుకోండి. పెద్ద రేసులు ఈ నెలల్లోనే. క్రెస్టెడ్ బ్యూట్ నుంచి యాస్పెన్‌కు ఇద్దరేసి జట్లు 40 మైళ్లు వెళ్లే గ్రాండ్ ట్రావర్స్ అర్ధరాత్రి మొదలవుతుంది. ఎండ పడి వాలులు మెత్తబడకముందే ప్రమాదకరమైన చోట్లు దాటాలి కాబట్టి ఆ వేళ పెట్టారు. దానికి వెళ్లేవాళ్లు జోడీతో కలిసి చీకట్లో, హెడ్‌ల్యాంపు వెలుగులో ఈ వరసంతా సాధన చేయండి. ఇద్దరిలో నెమ్మదైనవాడి ట్రాన్సిషనే జట్టు ట్రాన్సిషన్. మీది ముందు అయిపోతే జోడీ కర్రలు తీసి అందించండి, అంతే. అవతలివాడి స్కిన్ లాగబోవద్దు.

చివరి రేసు అయ్యాక స్కిన్లను నీడలో పూర్తిగా ఆరబెట్టండి, ఎండలో, హీటర్ దగ్గర వద్దు. జిగురు మీద జాలీ బట్ట వేసి, చుట్టి, చల్లటి చోట దాచండి. కారు డిక్కీలో వదిలేస్తే ఆగస్టుకల్లా జిగురు కరిగి జాలీకే అంటుకుపోతుంది.