చేత్తో వెబ్ పేజీ రాయడం ఎలా? ఎడిటర్ ఎప్పుడు తీసుకోవాలి?

వెబ్‌సైట్ కోడింగ్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది ఏ ఎడిటర్ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) మంచిదో వెతకడంలోనే మొదటి రోజు గడిపేస్తారు. నా మాట వినండి, మొదటి వారానికి విండోస్‌లో ఉండే నోట్‌ప్యాడ్ చాలు.

ముందు మీకు బాగా తెలిసిన విషయం ఒకటి తీసుకోండి. గోంగూర పచ్చడి అనుకుందాం. పేరుకి హెచ్1 అనే పెద్ద శీర్షిక ట్యాగ్, పేరుకి ముందు <h1>, చివర మూస్తూ </h1>. కావలసినవాటికి యూఎల్ (అంకెల్లేని జాబితా), ఎందుకంటే అవి ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదు. తయారీకి ఓఎల్ (అంకెలున్న జాబితా), ఎందుకంటే ఆకు వేగకముందే నూరితే పచ్చడి కాదు. ట్యాగ్ అంటే అలంకారం కాదు, ఆ మాట పేజీలో ఏం పని చేస్తోందో బ్రౌజర్‌కి చెప్పడం. ఇది ఒంటబడితే సగం నేర్చుకున్నట్టే.

ఫైల్‌ని ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేయండి. డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ నోట్‌ప్యాడే తెరుచుకుంటోందా? పేరు చివర డాట్ టీఎక్స్‌టీ దాక్కుని ఉంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే కనబడుతుంది, తీసేయండి.

తెలుగు పేజీకి రెండు జాగ్రత్తలు. పేజీ పైన ఉండే హెడ్ భాగంలో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8, అంటే <meta charset="utf-8"> అని తప్పక రాయండి, అక్షరాలు ఎలా చదవాలో బ్రౌజర్‌కి చెప్పేది అదే. అది లేకపోతే మీ కంప్యూటర్లో బాగానే కనబడ్డ పేజీ సర్వర్‌కి ఎక్కాక పిచ్చి గీతల్లా మారిపోవచ్చు. రెండోది లైన్-హైట్, అంటే ఒక్కో వరుస ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.2 మనకి చాలదు. "రాష్ట్రం" అని పెద్ద అక్షరాల్లో రాసి చూడండి, ష కింద రెండు వత్తులు కింది వరుస గుడిదీర్ఘాలకి తగులుతాయి. 1.7 పెడితే కంటికి హాయిగా ఉంటుంది. ఈ అంకె ఎంత ఉండాలో తేల్చుకోవడానికి బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి, తెరుచుకునే ప్యానెల్‌లోని స్టైల్స్‌లో అక్కడికక్కడే మార్చి చూడండి. నచ్చింది ఫైల్‌లో రాసుకోవాలి, రిఫ్రెష్ చేస్తే అక్కడ మార్చినదంతా పోతుంది.

ఏదో ఒక రోజు హెచ్1 మూయడం మరిచిపోతారు. పేజీ మొత్తం లావుపాటి అక్షరాలైపోతుంది, బ్రౌజర్ మాత్రం తప్పు చెప్పదు. టెన్షన్ పడకండి. కోడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూ3సీ వ్యాలిడేటర్ అనే వెబ్‌సైట్‌లో కోడ్ పేస్ట్ చేస్తే లైన్ నంబర్‌తో సహా చూపిస్తుంది. ఈ ఇబ్బంది రెండు మూడుసార్లు పడ్డాకే ఎడిటర్ విలువ తెలుస్తుంది.

అప్పుడు పాత కంప్యూటరైతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తీసుకోండి. తేలిక, ట్యాగ్‌లకు రంగులు వేస్తుంది. మంచి ర్యామ్ ఉంటే వీఎస్ కోడ్. రెండూ ఉచితమే. వీఎస్ కోడ్ మూసే ట్యాగ్‌ని తానే రాస్తుంది. దానికి లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం) వేసుకుంటే సేవ్ చేయగానే బ్రౌజర్లో పేజీ మారుతుంది. కోడ్ రాసిపెట్టే ఏఐ సాయం మాత్రం కొన్నాళ్లు ఆపి ఉంచండి, వేళ్లకి అలవాటు కావాలి.

పేజీ సిద్ధమయ్యాక గిట్‌హబ్ పేజెస్ అనే వెబ్ హోస్టింగ్ సేవలో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఎక్కించేముందు ఫొటోల పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చండి, కోడ్‌లో కూడా అలాగే రాయండి. విండోస్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు, అక్కడి సర్వర్ పట్టించుకుంటుంది. పచ్చడి ఫొటో ఇంట్లో కనబడి నెట్‌లో కనబడకపోతే ముందు చూడాల్సింది అదే.