ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి బొమ్మ వేయాలంటే

నా దగ్గర నేర్చుకునే పిల్లలు ముఖాలు వేయడం కాస్త చేతికొచ్చాక అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "టీచర్, మోడల్‌ని ఎలా కూర్చోబెట్టాలి?" పీట ఎక్కడ వేయాలో, వెలుగు ఎటునుంచి రావాలో చెబుతానని చూస్తారు. అదీ చెబుతాను గానీ, ముందు డబ్బు సంగతి, టైము సంగతి చెబుతాను. రాజమండ్రిలో మా ఇంటి వసారాలో పదహారేళ్లుగా మనుషుల్ని చూసి వేస్తున్నాను, వేయిస్తున్నాను. ఎదురుగా ఉన్న మనిషి పని చేస్తోందన్న సంగతి నేను మరిచిపోయిన రోజున బొమ్మ ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు.

బొమ్మకి కూర్చునే మనిషిని "మ్యూజ్" అనడం ఉంది. మ్యూజ్ అంటే గ్రీకుల కథల్లో కళలకి ప్రేరణనిచ్చే దేవత. మన భావకవులకి ఊహాప్రేయసి ఉన్నట్టు, ఐరోపా చిత్రకారులకి ఈ మాట ఉండేది. చిత్రకారుడు కలగంటాడు, ఆవిడ ఆ కలలోంచి దిగొస్తుంది. దేవతకి కాళ్లు తిమ్మిరెక్కవు. ఆవిడకి కూలి ఇవ్వక్కర్లేదు, పేరు అడగక్కర్లేదు.

లండన్‌లోని టేట్ బ్రిటన్ చిత్రశాలలో ఇంగ్లీషు చిత్రకారుడు మిలే వేసిన ఒఫీలియా ఉంది, షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో నీళ్లలో మునిగిపోయే అమ్మాయి బొమ్మ. ఏటిలో వెల్లకిలా తేలుతూ, చేతులు పైకి తెరిచి ఉన్న అమ్మాయి. 1851-52 చలికాలంలో దానికోసం పడుకున్నది ఎలిజబెత్ సిడల్, టోపీల దుకాణంలో పనిచేసిన 22 ఏళ్ల పిల్ల. ఏరు లేదు, స్టూడియోలో నీళ్లు నింపిన స్నానపు తొట్టి. నీళ్లు చల్లారకుండా తొట్టి కింద దీపాలు పెట్టారు. ఒకరోజు ఆ దీపాలు ఆరిపోయాయి. మిలే పనిలో పడి చూసుకోలేదు, ఆ అమ్మాయి లేవలేదు. జబ్బు పడింది. వాళ్ల నాన్న 50 పౌన్లు కట్టమని నిలదీశాడు, చివరికి వైద్యం ఖర్చు మిలే పెట్టుకున్నాడు. తర్వాత ఆవిడే స్వయంగా బొమ్మలు వేసింది, 1857లో లండన్‌లో మిలే వాళ్ల ప్రీ-రాఫెలైట్ చిత్రకారుల బృందం పెట్టిన ప్రదర్శనలో తన పనీ పెట్టింది. అయినా ఇప్పటికీ ఎక్కువమందికి ఆవిడ నీళ్లలో తేలే అమ్మాయే.

ఈ కథ నేను పుస్తకంలో చదివి ఊరుకునేదాన్నే. మా వీధి చివర పూలు కట్టి అమ్మే మామ్మగారు నాకోసం కూర్చోకపోయి ఉంటే.

ఆవిడని చెంపన చెయ్యి పెట్టుకుని, మోకాలు మడిచి కూర్చోమన్నాను. బొగ్గు చేతిలో పడితే నాకు గడియారం గుర్తుండదు. యాభై నిమిషాలు దాటిపోయాయి. "ఇంక లేవండి మామ్మగారూ" అనేసరికి ఆవిడ లేవబోయి తూలి, గోడ పట్టుకుంది. కాలు తిమ్మిరెక్కి ఎంతసేపైందో, ఒక్క మాట అనలేదు. "నువ్వు శ్రద్ధగా గీస్తన్నావు కదా, కదిలితే చెడిపోద్దేమోనని" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకని ఇప్పుడు నా లెక్క ఇది. ఇరవై నిమిషాలకి ఫోన్‌లో అలారం పెట్టి, ఫోన్‌ని కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంచుతాను. మోగగానే బ్రష్ కింద పెట్టాల్సిందే, కన్ను సగంలో ఉన్నా సరే. అయిదు నిమిషాలు వాళ్లు లేచి తిరగాలి. మూడు విడతలయ్యాక టీ, పెద్ద విరామం. పెద్దవాళ్లయితే పదిహేను నిమిషాలే. నిలబడి ఉండే భంగిమ మొదటి రోజు అడగను. మంచినీళ్లు వాళ్ల చేతికందే చోట ఉండాలి.

లేచి వెళ్లి మళ్లీ అలాగే కూర్చోవడం ఎలా అంటారా? సుద్దముక్క. పీట కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ నేలమీద గీత గీయండి. చూపు నిలపడానికి ఎదురుగా గోడమీద ఒక గుర్తు చూపించండి, మా వసారాలో అది కేలండర్ మేకు. వెలుగు ఒక్క వైపునుంచే రావాలి. ఉత్తరం కిటికీ ఉంటే అదృష్టం, గంటగంటకీ నీడలు పరిగెత్తవు. వాళ్లు నేలమీద కూర్చుంటే మీరూ చిన్న పీట మీదే కూర్చోండి. పైనుంచి చూసి వేసిన ముఖంలో ఆ పైచూపు పడుతుంది.

భంగిమ మీరు పెట్టకండి. చెంపన చెయ్యి నేను ఎన్నో పెయింటింగుల్లో చూసి మామ్మగారికి తగిలించింది, ఆవిడది కాదు. విరామంలో ఆవిడ ఊరికే ఉండలేక బుట్ట దగ్గరికి లాక్కుంది. అరటినార కొస కాలి బొటనవేలికి చుట్టి, మల్లెమొగ్గలు రెండు ఇటు రెండు అటు పెట్టి, ముడి బిగించింది. మెడ వంగింది, భుజం ఒకటి దిగింది, కింది పెదవి లోపలికి పోయింది. చెయ్యి ఆడుతూనే ఉన్నా ఒళ్లు మాత్రం కదల్లేదు. నేను రెండు రోజులు వెతికిన బొమ్మ అదే. కాగితం మార్చేశాను. అప్పటినుంచి ఎవరొచ్చినా "మీరు రోజూ ఎలా కూర్చుంటారు?" అనే అడుగుతున్నాను.

డబ్బు ముందే మాట్లాడుకోండి. ఆ పూట వాళ్ల పని మానుకుంటే ఎంత పోతుందో అడిగి, దానికి తక్కువ కాకుండా ఇవ్వండి. బొమ్మ చెడిపోయినా ఇవ్వాలి. అమ్ముడుపోతే వాటా ఇస్తారా లేదా అన్నదీ అప్పుడే తేల్చండి. నేను పదో వంతు ఇస్తాను. ఫొటో తీసుకోవచ్చా, బొమ్మని ఫోన్లలో పెట్టవచ్చా, ఇవి వేరువేరు ప్రశ్నలు, వేరువేరుగా అడగండి. ఒకదానికి ఊ అన్నారని రెండోదానికి అన్నట్టు కాదు.

పేరు సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1863లో వేసిన ఒలింపియా అనే చిత్రంలో, పడుకున్న స్త్రీ పక్కన పూలగుత్తి పట్టుకున్న నల్లజాతి స్త్రీని నూరేళ్లకి పైగా "పనిమనిషి" అనే రాశారు. ఆవిడ పేరు లోర్. మానే తన నోటుపుస్తకంలో పేరూ, ఇంటి చిరునామా కూడా రాసుకున్నాడు, చూసేవాళ్లే పట్టించుకోలేదు. 2019లో పారిస్ ఓర్సే మ్యూజియం ప్రదర్శన ఇలాంటివాళ్ల పేర్లని బొమ్మల శీర్షికల్లోకి తెచ్చింది. 1800లో బెన్వా అనే చిత్రకారిణి వేసిన, శీర్షికలో పేరు లేని నల్లజాతి స్త్రీ చిత్రం అక్కడ "మదలెన్ చిత్రం" అయింది. అదే ఒలింపియాలో పడుకున్న విక్టోరిన్ మూరాన్ కూడా చిత్రకారిణే. 1876లో పారిస్ సలోన్ అనే పెద్ద అధికారిక చిత్ర ప్రదర్శన మానే బొమ్మల్ని తిప్పికొట్టి, ఆవిడ బొమ్మని తీసుకుంది. మా ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్లినప్పుడల్లా అక్కడి ఆడవాళ్ల ముందు నిలబడి "ఎవరమ్మా మీరు?" అని అడగాలనిపిస్తుంది. ఆయన భార్య సత్యవాణిగారూ, సోదరి బుచ్చికృష్ణమ్మగారూ బొమ్మలు వేసినవాళ్లే. ఆ మాట ఊళ్లో ఎంతమందికి తెలుసు?

కాబట్టి కాన్వాస్ వెనక కూర్చున్నవాళ్ల పేరు, తేదీ రాయండి, వాళ్లు సరేనంటేనే. మామ్మగారు బొమ్మ వెనక రాయమంది, ఇంకెక్కడా వద్దంది. అందుకే ఇక్కడా రాయట్లేదు.

వీలైతే విరామంలో వాళ్ల చేతికీ ఓ కాగితం ఇవ్వండి. ఫ్రాన్స్‌లో సూజాన్ వలడాన్ అనే ఆవిడ చిత్రకారుడు రెన్వా బొమ్మలకి నిలబడుతూ, చూస్తూ పని పట్టేసింది; ఆవిడ గీతలు చూసి ఇంకో పెద్ద చిత్రకారుడు దెగా కొనుక్కున్నాడు. మామ్మగారు నా బొగ్గు తీసుకుని, చుక్కలు కూడా పెట్టకుండా ఒక్క ఊపులో మెలికల ముగ్గు వేసింది. మణికట్టు కాదు, భుజం తిరిగింది. ఇప్పుడు నా పిల్లలకి గీత అలాగే నేర్పుతున్నాను.

చివరిగా, రంగు ఆరకముందే బొమ్మ వాళ్లకి చూపించండి. మామ్మగారు చాలాసేపు చూసి, "ఎడం చెవి కమ్మ ఊడిపోయి మూడేళ్లయింది, నువ్వు రెండూ ఏసేశావు" అంది. నిజమే, ఆ చెవి ఖాళీగా నా ఎదురుగానే ఉంది, నేను అలవాటుకొద్దీ వేసేశాను. గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి తుడిచాను. "ఆ కన్నం ఉంచు" అంది. సన్న కుంచెతో అది మళ్లీ పెట్టాను.